తవుడు సంచి

పోయినేడు నాలుగు నెలల పాటు మా పాప ఎవరికీ తన చేత్తో తినేది ఏదీ పెట్టలేదు. ఇంట్లో రెండు కోళ్లున్నాయి. వాటికి నూకలు చల్లమంటే గిన్నె తీసుకెళ్లి వాకిట్లో పెట్టి, అవి వచ్చేలోపు లోపలికి పరుగెత్తుకొచ్చేది. వాళ్ల అవ్వకు, అంటే మా అత్తమ్మకు, బీపీ గోలీ అందించమంటే స్టూలు మీద పెట్టి "తీస్కో అవ్వా" అని చేతులు వెనక్కి కట్టుకునేది. పక్కింటి చంటిపిల్లకు బిస్కెట్ ఇవ్వమంటే ప్యాకెట్ విప్పి గచ్చు మీద ఉంచి రెండడుగులు దూరం జరిగింది. దానికప్పుడు తొమ్మిదేళ్లు. నేను దాన్ని మొదట పొగరనుకున్నాను. తర్వాత బద్ధకమనుకున్నాను. గాలి సోకిందేమో అని మా అత్తమ్మ అంటే ఆమె మీద ఇంతెత్తున లేచాను గానీ, లోపల్లోపల నేనూ అదే అనుకున్నాను.

మొదటి నుంచి చెప్తాను. మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే చెరువు పేరు కూడా తెలిసిపోతుంది, అది తెలిస్తే చుట్టూ ప్లాట్లు అమ్ముకునేవాళ్లు మా ఇంటి మీదికొస్తారు. బోర్డుల మీద మా చెరువు బొమ్మ నీలంగా, అందంగా ఉంటుంది. ఆ బొమ్మలో చేపలు పట్టేవాళ్లు ఉండరు. మేము చేపలు పట్టేవాళ్లం.

మా ఆయన ఊరి చేపల సంఘంలో సభ్యుడు. వానలు పడ్డాక సంఘం వాళ్లు చెరువులో చేప పిల్లలు వదులుతారు, ఎండాకాలం చివర పడతారు. నడుమ ఆరేడు నెలలు సభ్యులు వంతులేసుకుని కాపలా కాస్తారు. వంతు లేని రోజుల్లో మా ఆయన గౌడవెల్లి దిక్కు మేస్త్రీ పనికి పోతాడు. నేను ఇంటర్ దాకా చదివాను. జీడిమెట్ల వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో చేస్తున్నాను. తెల్లవారుజామున మేడ్చల్ రోడ్డు మీద కంపెనీ బస్సు ఎక్కుతాను, మధ్యాహ్నం మూడు దాటాక దిగుతాను. నాకు నోరెక్కువ. రేషన్ షాపులో, బస్సులో, చుట్టాల పెళ్లిలో, ఎక్కడ తేడా వచ్చినా నేనే ముందు లేస్తాను. "నీ నోటికి తాళం ఏడ దొరుకుతది పిల్లా" అని మా అత్తమ్మ అడుగుతుంటుంది. ఆ తాళం ఒక్కసారే పడింది. అది కూడా పడకూడని రోజున.

పాపకు వేసవి సెలవులంటే చెరువు కట్టే. వాళ్ల నాయిన వంతు ఉన్న రోజు బండి మీద ముందు కూర్చుని పోయేది. తూము దగ్గర మెట్ల మీద నిలబడి పాల డబ్బా మూత టకటకా కొడితే చేపలు వచ్చేవి. అప్పుడు గుప్పెడు తవుడు చల్లేది. తవుడు సంచి బండికి తగిలించి ఉండేది, చల్లడం దాని పని. ఎన్ని గుప్పెళ్లు చల్లాలో కూడా దానికి తెలుసు, ఎందుకంటే వాళ్ల నాయిన గట్టిగా చెప్పాడు. ఎక్కువైతే అడుగున కుళ్లి నీళ్లు చెడతాయి. నీళ్లు చెడితే చేపకు గాలి అందదు.

కొర్రమట్ట చేప సంగతి కూడా వాళ్ల నాయినే చెప్పాడు. ఒకసారి వలలో నాలుగు కొర్రమట్టలు పడితే, వెడల్పాటి బోగాణి గిన్నెలో బెత్తెడు నీళ్లు పోసి వేశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవి అలాగే బతికున్నాయి. పాప దాని ముందు నుంచి కదల్లేదు.

"గిది మొండిది బిడ్డా. నీళ్లల్ల గాలి లేకున్నా మీదికొచ్చి నోటితోని పీల్చుకుంటది. బురదల గూడ బతుకుతది. రవ్వు, బొచ్చె గట్ల గాదు, అవి సుతారం."

ఆ మాట దానికి ఎంత నచ్చిందో. వారం రోజులు కనబడ్డ వాళ్లందరికీ కొర్రమట్ట గురించి చెప్పింది.

మా వైపు మృగశిర కార్తె మొదలయ్యే రోజు చేప తినని ఇల్లు ఉండదు. మిరుగం అంటాం. ఆ రోజు చేప తింటే వానాకాలం రోగాలు రావంటారు. అందుకని ఆ ఏడు సంఘం వాళ్లు పట్టు ఆపారు. మే నెల మధ్యలోనే చేపలు బాగా ఎదిగి ఉన్నాయి, అయినా మిరుగానికి పడదామని కూర్చున్నారు. మా ఆయన కూడా అదే అన్నాడు. నేనైతే మా కంపెనీ వాళ్లందరికీ ముందే చెప్పేశాను, మిరుగం రోజు బస్సులో మా చెరువు చేపలు తెస్తానని. ఊరంతా అలాగే ఎవరో ఒకరికి మాట ఇచ్చి ఉంది.

మిరుగానికి ఇంకా నాలుగు రోజులుందనగా పెద్ద వాన పడింది. మర్నాడు మా ఆయన వంతు. నేను షిఫ్టుకు వెళ్లిపోయాను. తండ్రీ కూతుళ్లు పొద్దున్నే కట్ట మీదికి పోయారు.

అక్కడ ఏం జరిగిందో నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెప్తాను, లేకపోతే ఆ నాలుగు నెలలూ నాకు కనిపించినట్టే మీకూ అది మొండిపిల్లలా కనిపిస్తుంది.

మా ఆయన పాపను తూము దగ్గర దించి, వానకు కట్ట ఎక్కడైనా కోసుకుపోయిందేమో చూడ్డానికి అవతలి కొసకు నడిచాడు. పాప మెట్లు దిగింది. డబ్బా మూత కొట్టలేదు, కొట్టే పనే లేకపోయింది. చేపలన్నీ అప్పటికే పైకి వచ్చి ఉన్నాయి. చూసినంత మేరా నీళ్ల మీద నోళ్లే. తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అన్ని చేపలను అది ఎప్పుడూ చూడలేదు. మస్తు ఆకలైందేమో అనుకుంది. గుప్పెడు చల్లింది. నోళ్లు మూసుకోలేదు. ఇంకో గుప్పెడు చల్లింది. చివరికి బండి దగ్గరికి పోయి సంచి ఈడ్చుకొచ్చి, మొత్తం బోర్లించేసింది. దాదాపు నిండు సంచి. చేపలకు కడుపు నిండా పెట్టానని సంతోషపడింది. ఆ మాట అదే నాతో చెప్పింది.

మా ఆయన తిరిగొచ్చేసరికి తూము దగ్గర నీళ్ల మీద తవుడు తెట్టెలా కట్టి ఉంది. దాని నడుమ మొదటి చేపలు పొట్ట పైకి చేసి తేలుతున్నాయి. ఆయన ఎవరి వైపూ చూడకుండా, నీళ్ల వైపే చూస్తూ గట్టిగా అరిచాడట.

"ఎవలు పోసిండ్రు గింత తవుడు? గిట్ల పోస్తే గాలి అందక సస్తయి గదా!"

పాప ఆయన వెనక ఖాళీ సంచితో నిలబడి ఉంది. ఆయన జవాబు కోసం ఆగలేదు. చెరువులోకి నీళ్లు తెచ్చే ఒర్రె వైపు నుంచి ఎవరో కేకలేస్తే అటు పరుగెత్తాడు. తర్వాత ఆ మాట అన్నట్టు కూడా ఆయనకు గుర్తులేదు. ఒర్రె దగ్గర నీళ్లు రంగు మారి నురగ కట్టి ఉన్నాయి. తవుడు సంగతి ఎవరికి కావాలి?

నేను బస్సు దిగేసరికి ఊరంతా కట్ట మీద ఉంది. నేను కూడా అన్నం డబ్బా చేతిలో ఉండగానే అటే పోయాను. చెరువు తెల్లగా ఉంది. అంత తెలుపు మా చెరువులో నేనెప్పుడూ చూడలేదు. ఆడవాళ్లు కొందరు ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా రాలేదు. ఏదో ఆఫీసులో వరసలో నిలబడ్డట్టు నిలబడి చూశాను.

మా ఆయన ఒర్రె పక్కన కూర్చుని ఉన్నాడు. దగ్గరికి పోతే వాసన తగిలింది. తియ్యగా ఉండి, ముక్కు లోపల పట్టుకుని వదలని వాసన. నాకది కొత్త కాదు. కంపెనీలో వెనక దిక్కు డ్రమ్ములు కడిగే చోటు ఉంటుంది, క్యాంటీన్‌కు దాని పక్కనుంచే పోవాలి. ఆరేళ్లుగా రోజూ రెండుసార్లు పీల్చే వాసన. ఆ కడిగిన నీళ్లు ట్యాంకర్లలోకి ఎక్కుతాయి, ట్యాంకర్లు ఎటో పోతాయి. ఒర్రెలోకి ఒంపింది మా కంపెనీ ట్యాంకరా, ఇంకో కంపెనీదా నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అలాంటి డ్రమ్ములు మా ఒక్క కంపెనీలోనే లేవు. కానీ వాన పడుతుండగా ఎవరో వచ్చి ఒంపి పోయారన్నది ఆ వాసనే చెప్తోంది.

అక్కడ నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. పాప పక్కనే పళ్లెం ముందు కూర్చుని ఉంది. ఆయన నన్ను అడిగాడు.

"నువ్వు గన్ని మందుల నడుమ పని జేస్తవ్ గదా. గీ వాసనేందో నీకు ఎర్కేనా?"

"తెల్వదు" అన్నాను.

నా నోటి నుంచి అంత పొట్టి మాట ఎప్పుడూ రాలేదు. తెలుసంటే, ఎలా తెలుసని అడుగుతారు. సంఘం వాళ్లు నన్ను పట్టుకుని ఆఫీసులకు తీసుకుపోతారు, పేరు రాయించుకుంటారు. ఆ తర్వాత బస్సు నా కోసం ఆగదు. చేపలు పోయాక ఇంట్లో మిగిలింది నా ఉద్యోగం ఒక్కటే. ఇవన్నీ సరైన కారణాలే, ఇప్పుడు కూడా కాదనను. ఆ పూట మాత్రం కారణాలేవీ ఆలోచించలేదు. మాట దానంతటదే వచ్చింది. పాప నా ముఖంలోకి చూసింది. నేను దాని పళ్లెంలో పప్పు వేశాను.

మర్నాడు జేసీబీతో గుంత తవ్వారు. మగవాళ్లు తెప్పల మీద తిరుగుతూ చచ్చిన చేపల్ని ఒడ్డుకు లాగితే, ఆడవాళ్లం గంపలకెత్తి గుంతలో పోశాం. నేను సెలవు పెట్టాను. రవ్వులు, బొచ్చెలు, బంగారు తీగ చేపలు. వాటి నడుమ కొర్రమట్టలు కూడా ఉన్నాయి, చేతి పొడుగువి. మా ఆయన ఒకదాన్ని పట్టుకుని కాసేపు అలాగే చూసి గుంతలోకి విసిరాడు. కొర్రమట్ట చచ్చిందంటే అది గాలి అందని చావు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, గుంత చుట్టూ ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. పైన సున్నం చల్లి మన్ను కప్పారు. ఆఫీసు వాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. సంఘం వాళ్లు తిరగాల్సిన చోట్లన్నీ తిరిగారు. ఆ కథ ఇక్కడ రాయను. రాయడానికి ఏమీ లేదు.

పాపను మాత్రం గుంత దగ్గరికి రానివ్వలేదు. పిల్లలెవర్నీ రానివ్వలేదు. ఇంట్లో ఒక కట్టడి పెట్టాను, పాప ముందు చెరువు మాట ఎత్తకూడదని. చిన్న మనసు, భయపడుతుందని. మా ఆయన ఒప్పుకున్నాడు. మా అత్తమ్మ కూడా మొదటిసారి నా మాటకు అడ్డు చెప్పలేదు. చాలా తెలివైన పని చేశానని అనుకున్నాను. దాంతో ఆ పిల్ల చెవిన మా నోటి నుంచి చెరువు గురించి పడ్డ మాటలు రెండే రెండు. తవుడు ఎవలు పోసిండ్రు అని వాళ్ల నాయిన అన్నది. తెల్వదు అని నేను అన్నది. మూడో మాట ఎవరూ చెప్పలేదు.

బడి తెరిచారు. పిల్ల మామూలుగానే పోయొచ్చేది. ఆటో చెరువు కట్ట మీదుగా పోయేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటుందని ఆటో డ్రైవర్ చెప్పాడు. కట్ట దాటాక ముఖం ఎర్రగా ఉంటుందట. ఆడుకుంటుందిలే అన్నాను. బడిలో మధ్యాహ్న భోజనం అప్పుడు వరస చివర కూర్చుంటుందనీ, పక్కపిల్ల పచ్చడి అడిగితే డబ్బా నేల మీద పెట్టి జరుపుతుందనీ టీచరమ్మ చెప్పింది. బాగా నవ్వేది, ఇప్పుడు అడిగితే తప్ప నోరు విప్పదని కూడా చెప్పింది. మేడ్చల్లో డాక్టరుకు చూపించాను. ఆయన నాలుక చూసి, కళ్లు చూసి, బలానికి సిరప్ రాశాడు. ఆకలి బాగానే ఉందా అనడిగితే బాగానే ఉందన్నాను. నిజమే, తనకు పెట్టింది తినేది. ఎదుటివాళ్లకే పెట్టేది కాదు. ఆ ముక్క డాక్టరుకు చెప్పలేదు. అది రోగమని నాకు తోచలేదు.

నేనూ మామూలుగానే ఉన్నాను. బస్సెక్కాను, దిగాను. వండాను, కడిగాను. కంపెనీలో డ్రమ్ముల పక్కనుంచి నడిచేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాను, అంతే తేడా. బాధగా ఉందా అని ఎవరైనా అడిగి ఉంటే ఏమో అనేదాన్ని. లోపల చెయ్యి పెట్టి తడిమినా ఏమీ తగలనట్టు ఉండేది.

బతుకమ్మ వచ్చింది. అప్పటికి వానలకు చెరువు నిండింది, నీళ్లు మళ్లీ చూడ్డానికి బాగానే ఉన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు మా వైపు మలీద ముద్దలు చేసుకుపోతాం. రొట్టెలు నలిపి బెల్లం కలిపి కట్టిన ముద్దలు. ఆటయ్యాక కట్ట మీదే ఒకరికొకరు చేతుల్లో పెట్టి పంచుకుంటాం. ఇంటి ఆడపిల్ల పంచితే మంచిదని నేను పళ్లెం పాపకిచ్చి, అందరికీ ఒక్కొక్కటి పెట్టమన్నాను. కొత్త లంగా జాకెట్ వేసుకుని ఉంది. పళ్లెం పట్టుకుని కదలకుండా నిలబడింది. వరసగా నా తోటివాళ్లు చేతులు చాపి ఉన్నారు. అది వంగి పళ్లెం మన్నులో పెట్టి వెనక్కి జరిగింది.

"పళ్లెం దియ్యి" అన్నాను.

"నేను పెట్ట."

"ఎందుకు పెట్టవ్?"

"నా చేత్తోని వద్దమ్మా."

అందరి ముందు దాని చెంప మీద కొట్టాను. గట్టిగానే తగిలింది. అది ఏడవలేదు. ఎవరో పళ్లెం ఎత్తి తామే పంచేశారు. నాకు అప్పుడు వచ్చింది కోపమా, సిగ్గా అని అడిగితే, సిగ్గే. నలుగురిలో నా బిడ్డ ముద్ద కింద పెట్టిందని సిగ్గు. దాని మాటలో ఏముందో ఆ రోజు నా చెవికెక్కలేదు.

దసరా నాడు మా ఇంట్లో పనిముట్లకు పూజ చేస్తాం. పొద్దున్నే మా ఆయన బండి కడిగి వేపాకు కట్టాడు. వల మడిచి తెచ్చి దేవుడి పటాల ముందు పెట్టాడు, చేపలు తూచే తరాజు పెట్టాడు. మా అత్తమ్మ నా కంపెనీ గుర్తింపు కార్డు కూడా తెచ్చి, నా ఫొటో పక్కన కుంకుమ బొట్టు పెట్టి వల మీద ఉంచింది. "గిదే గదా ఇప్పుడు అన్నం వెట్టేది" అంది. ఇక పాప పుస్తకాలు మిగిలాయి. అది స్నానానికి పోయి ఉంటే నేనే బడి సంచి తీసి బోర్లించాను.

పుస్తకాల అడుగున తవుడు సంచి ఉంది. నోట్‌బుక్ అంత సైజుకు మడిచి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. విప్పితే మూలల్లో తవుడు బూజు పట్టి ఉంది.

పాప తల తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలో సంచిని చూసి ఆగిపోయింది. ఏందిదని అడిగాను. చెప్పింది. ఒక్కసారి కూడా ఆగకుండా, పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పింది. చేపలు పైకొచ్చినయి, ఆకలైంది అనుకున్న, గుప్పెడు ఏసిన, ఇంకో గుప్పెడు ఏసిన, సంచంత పోసిన, నాయిన ఒర్లిండు, చేపలన్ని సచ్చిపోయినయి.

"మరి గీ సంచి ఎందుకు వెట్టుకున్నవ్?"

"పారేస్తే ఎవలన్న జూస్తరని."

నాలుగు నెలలు ఆ పిల్ల ఆ సంచిని రోజూ బడికి మోసుకుపోయి, మోసుకొచ్చింది. నేను కింద కూర్చుండిపోయాను. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ముందు ఆయనే తేరుకుని దాని దగ్గరికొచ్చాడు.

"అరే బిడ్డా, నువ్వేం జెయ్యలే. నేనేదో పరేషాన్ల ఒర్లిన. తవుడుకు సావలే అవి."

పాప తల ఊపింది. నమ్మలేదని ముఖంలోనే తెలుస్తోంది. పెద్దవాళ్లు పిల్లల్ని ఊరుకోబెట్టడానికి అలాగే అంటారని తొమ్మిదేళ్లకు ఎవరికైనా తెలుస్తుంది. అది ఆయన్ని కాదు, నన్ను అడిగింది.

"మరి ఎట్ల సచ్చినయి?"

ఇక దాటేయడానికి చోటు లేదు. కంపెనీలో డ్రమ్ములు కడుగుతారని చెప్పాను. ఆ నీళ్లు విషమని చెప్పాను. ఎవరో ట్యాంకర్‌లో తెచ్చి, వానలో ఒర్రెలో ఒంపేశారని, ఆ వాసన ఆ రోజే పట్టుకున్నానని చెప్పాను. మా ఆయన నా వైపు చూడటం నాకు తెలుస్తూనే ఉంది. నేను అటు తిరగలేదు.

పాప చేతిలోని తువ్వాలు తలుపు మీద వేసింది. తర్వాత అడిగింది.

"కొర్రమట్టలు గూడ సచ్చినయా?"

"సచ్చినయ్."

"నువ్వు జూసినవా?"

"గుంతల ఏసింది నేనే. మస్తు పెద్దవి."

"కొర్రమట్ట మీదికొచ్చి గాలి పీల్చుకుంటది" అంది, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "తవుడు ఎక్కువైతే దానికేం గాదు."

"ఏం గాదు."

"అయితే నేను గాదు."

"నువ్వు గాదు బిడ్డా."

దాని భుజాలు కిందికి దిగాయి. దాని ముఖం మళ్లీ తొమ్మిదేళ్ల ముఖమైంది. దాన్ని చూసి నాకు ఏడుపు రావాలి. వస్తుందేమోనని చూశాను కూడా. రాలేదు. దాన్ని దగ్గరికి తీసుకుందామని చెయ్యి చాపాను. అది నా చేతి వైపు చూస్తూ ఇంకో మాట అడిగింది.

"మరి నాయిన అడిగిననాడు తెల్వదన్నవ్ గదమ్మా?"

"అన్న."

"తెల్సి అన్నవా?"

"తెల్సే అన్న."

మా ఆయన బయటికిపోయి కడిగిన బండినే మళ్లీ కడిగాడు. తిడితే బాగుండునని అక్కడే కూర్చుని ఎదురుచూశాను. నీళ్ల చప్పుడు వినబడింది, అంతే. పాప తవుడు సంచిని నా ఒళ్లోంచి తీసుకుని వాకిట్లో దులిపి, చెత్తబుట్టలో వేసింది. లోపలికొచ్చి నూకల డబ్బా తీసింది. వాకిట్లో నిలబడి కోళ్లను పిలిచి, గుప్పిట నిండా తీసి చల్లింది. కోళ్లు కాళ్ల చుట్టూ తిరుగుతుంటే కదలకుండా నిలబడింది. మా అత్తమ్మ గుమ్మంలోంచి చూసి కొంగుతో కళ్లు తుడుచుకుని, నిన్న దిష్టి తీసినందుకే తగ్గిందని అంది. నేను కాదనలేదు.

మధ్యాహ్నం పూజ అయ్యాక భోజనాలకు కూర్చున్నాం. మటన్ వండాను. నేను వడ్డించబోతుంటే పాప లేచి నా చేతిలోంచి గంటె తీసుకుంది. "నేనేస్త" అంది. మొదట అవ్వ పళ్లెంలో వేసింది, ముక్క మెత్తగా ఉన్నది ఏరి వేసింది. తర్వాత వాళ్ల నాయినకు వేసింది. ఆయన చాలన్నా ఇంకో గంటెడు వేసింది. మా అత్తమ్మ నవ్వింది, ఆయన కూడా కొంచెం నవ్వాడు. తర్వాత గిన్నె తీసుకుని నా ముందుకొచ్చింది. నేను పళ్లెం ముందుకు జరిపాను. అది గంటె ఎత్తి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ గిన్నెలో పెట్టేసింది. గిన్నెను నా పళ్లెం పక్కన నేల మీద ఉంచి, రెండడుగులు వెనక్కి జరిగింది.

"ఏస్కో అమ్మా" అంది.

నేనే వేసుకున్నాను.